అక్కయ్య ఎడమ కంటికి అడ్డొచ్చిన చంద్రుడు

ఉదయం ఆరూ నలభైకి కొత్తపేటలో మా అక్కయ్య వరలక్ష్మి కాఫీ కలిపింది. పాలు బాగానే కాచింది. పంచదార సరిగ్గానే వేసింది. ఆపైన డికాషన్ అనుకుని, పక్కనే గిన్నెలో నానుతున్న చింతపండు పులుసు పోసింది. పాలు విరిగిపోయాయి. అది కూడా ఆమెకు కనబడలేదు. మా బావగారికో గ్లాసు, నాకో గ్లాసు తెచ్చి చేతికిచ్చి, "చల్లారితే బాగోదు, తాగేయండి" అంది.

తాగిన ఇద్దరం బతికే ఉన్నాం. కాబట్టి నేను చెప్పబోయే ఘోరం ఇది కాదు. అసలు ఘోరం ఆ గ్లాసు కింద పెట్టి నేను నోరు తెరవడంతో మొదలైంది. నా నోరు మామూలుగా తెరుచుకోదు. అమలాపురంలో కాలేజీ పిల్లలకి ఏళ్ళ తరబడి చరిత్ర చెప్పినా, క్లాసు బయట నా గొంతు విన్నవాళ్ళు తక్కువ. ఆ ఒక్క పూటా మూసుకుని ఉంటే ఈ కథ లేదు.

బావగారు గ్లాసు వాసన చూశారు. "ఏమేవ్, ఇది కాఫీయా, చారా? పోపు వేసేవా, వెయ్యాలా?"

"మీకన్నీ వెటకారాలే" అంది అక్కయ్య, స్తంభం వైపు చూస్తూ. బావగారు స్తంభం పక్కన కుర్చీలో ఉన్నారు.

ఆయన నా వైపు తిరిగారు. "చూసేవా లెక్చరర్ గారూ? కుడి కన్ను చిన్నప్పట్నుంచీ అంతంతమాత్రం. ఉన్న ఎడమ కంటిలో శుక్లం ముదిరిపోయింది. అదీ పోతే ఇంక గోడలు తడుముకోవడమే. రాజమండ్రిలో డాక్టరు గారు వచ్చే బుధవారం రమ్మన్నారు. కొబ్బరి దింపు కూడా వాయిదా వేసేను."

ఇక్కడ ఏ మనిషైనా "మంచిది బావగారూ, నేనూ వస్తాను" అంటాడు. నేనేమన్నానో చదవండి.

"అక్కా, నువ్వు పుట్టిన గంట ఎంత?"

నేనలా ఎందుకడిగానో చెప్పాలి. ఆ వేసవిలోనే నా భార్య శారద పోయింది. చిన్న ఆపరేషనే అన్నారు. తర్వాత నాకు సాయంత్రాలు గడవడం కష్టమైంది. కథలు చదవలేకపోయాను, చరిత్ర చదవలేకపోయాను. ఏ బాధా లేని పుస్తకం ఏదైనా ఉందా అని వెతుకుతుంటే ప్రాచీన గ్రీకుల జ్యోతిషం మీద ఒకటి దొరికింది. దాని వెంబడే ఒక సాఫ్ట్‌వేర్ దొరికింది. పుట్టిన తేదీ, గంట, ఊరు ఇస్తే ఆ గ్రీకుల పద్ధతిలో ఒక్కో గ్రహం పరిస్థితి ఎలా ఉందో లెక్కగట్టి, బడిపిల్లల ప్రోగ్రెస్ రిపోర్టులా ముందు పెడుతుంది. గ్రహం సొంత ఇంట్లో ఉందా, పరాయి పంచన ఉందా. సూర్యుడికి మరీ దగ్గరగా పోయి మాడిపోయిందా. పాపగ్రహం చేతిలో దెబ్బలు తింటోందా, శుభగ్రహం చూపు పడి ఒడ్డెక్కిందా. అన్నిటికన్నా ముందు, మనిషి పుట్టింది పగలా రాత్రా అని చూస్తుంది. ఎందుకంటే గ్రీకుల లెక్కలో శని పగలు పుట్టినవాళ్ళని కాస్త దయతలుస్తాడు, రాత్రి పుట్టినవాళ్ళ మీద మాత్రం అచ్చోసిన ఆంబోతులా పడతాడు. పరిస్థితి బాగుంటే ఆకుపచ్చ రంగు, బాగోకపోతే ఎరుపు.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. మతితో ఆగితే నా ఒక్కడికే నష్టం. నా చదువు పక్కవాళ్ళ చూపు మీదకి కూడా పోయింది.

"గంట ఎందుకురా?" అంది అక్కయ్య. "వరలక్ష్మీ వ్రతం నాడు పుట్టేనని కదా ఈ పేరు పెట్టేరు. ఆ రాత్రి రెండున్నరకట. నాన్న చెప్పేవారు."

ఆధార్ కార్డులో అక్కయ్య పుట్టినరోజు బళ్ళో హెడ్మాస్టరు గారు తోచినట్టు వేసింది కనక దాన్ని నేను నమ్మలేదు. ఎంత జాగ్రత్తపరుణ్ణో చూడండి. ఆమె పుట్టిన ఏటి పంచాంగం వెతికి, వరలక్ష్మీ వ్రతం పడ్డ శుక్రవారం ఏ తేదీయో పట్టుకున్నాను. ఆ తేదీ కొట్టాను. రాత్రి రెండున్నర కొట్టాను. ఊరు కొత్తపేట. మీట నొక్కాను.

చంద్రుడి వరస మొత్తం ఎర్రగా వచ్చింది. గాయానికి కట్టిన గుడ్డలా వచ్చింది.

"ఏంట్రా, మాట్లాడవు?"

"చంద్రుడు వృశ్చికంలో ఉన్నాడక్కా."

"ఉండడూ మరి? నాది వృశ్చిక రాశే. అనూరాధా నక్షత్రం. ప్రతి అర్చనకీ చెప్తాం కదా!" అని సంబరపడిపోయింది. "ఏవండీ, చూసేరా? గ్రీకువాళ్ళకి కూడా తెలిసిపోయింది!"

నేనూ సంబరపడ్డాను. రెండు శాస్త్రాలు ఒకే మాట చెప్తున్నాయంటే ఇంక తిరుగేముంది? ఈ సంబరాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. దీని సంగతి తర్వాత తేలుతుంది.

"ఇంకా ఏం చెప్పేరు వాళ్ళు?"

చెప్పకుండా ఉండాల్సింది. కానీ ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి చదివి వినిపించాను. "చంద్రుడు నీచలో ఉన్నాడు. రోగస్థానంలో ఉన్నాడు. పక్కనే శని. నువ్వు పుట్టింది రాత్రి కాబట్టి ఆ శనికి పగ్గాల్లేవు. శరీరంలో చంద్రుడి చోటు..." అక్కడ ఆగాను.

"చెప్పు."

"ఎడమ కన్ను."

అక్కయ్య ఖాళీ గ్లాసులు తీసుకుని, తడుముకుంటూ వంటింట్లోకి వెళ్తూ, "అయితే బుధవారం వద్దులెండి. దింపు తీయించుకోండి" అంది.

బావగారు నన్ను చూసిన చూపు ఏ సాఫ్ట్‌వేరూ లెక్కగట్టలేదు. "లెక్చరర్ గారూ, ఆ గ్రీకువాళ్ళు ఇప్పుడెక్కడున్నారండి?"

"పోయారండి. రెండు వేల ఏళ్ళయింది."

"పోయినోళ్ళు పోకుండా మా ఆవిడ కంటి మీద పడ్డారేంటండి?"

ఆ బుధవారం పోయింది. నేనొక మంచి రోజు చూసి పెడతానన్నాను. ఈ మాటతో రెండో ఘోరం మొదలైంది. గ్రీకుల పద్ధతిలో మచ్చలేని రోజు వెతకడమంటే, గోదారి ఇసకలో రాయి లేని దోసెడు వెతకడం. ఒకరోజు చంద్రుడు బాగుంటే గురువు బాగోడు. గురువు బాగుంటే కుజుడు తగులుకుంటాడు. అందరూ బాగున్న రోజు ఒకటి దొరికింది. ఆదివారం. ఆ రోజు డాక్టరు గారు ఉండరు.

"పోనీ డాక్టరు గారి జాతకం కూడా వేసి ఆయన్ని ఆదివారం రప్పించకూడదూ?" అన్నారు బావగారు.

పక్కింటి సువార్తమ్మ టీచర్ గారికి సంగతి తెలిసింది. రిటైరయ్యి చాలా కాలమైనా ఆవిడ ఎవరితోనైనా క్లాసులో వెనకబెంచీ వాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడతారు. ఆవిడ రెండు కళ్ళకీ శుక్లాలు తీయించుకుని, మర్నాటి నుంచి బైబిలు కళ్ళజోడు లేకుండా చదువుతున్నారు. ప్రహరీ గోడ మీదుగా నన్ను పిలిచారు.

"ఏమయ్యా, నువ్వేనా కంటి ఆపరేషన్ ఆపించింది? మా ప్రభువు గుడ్డివాడి కంటికి మట్టి రాసి చూపిచ్చేడు. నువ్వు చదువుకుని ఉన్న చూపు తీసేస్తున్నావు. ఇదేం చదువయ్యా?"

"అది కాదండి టీచర్ గారూ, శని..."

"శనివారం నాడే నేను చేయించుకున్నాను. వెళ్ళవయ్యా."

శని మాట వినబడగానే అక్కయ్య తన దారి తాను చూసుకుంది. శని శాంతించాలంటే వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు ప్రదక్షిణలు చేస్తానని మొక్కుకుంది. కన్ను సరిగ్గా కనబడని మనిషి, శనివారం నాడు, వాడపల్లి జనంలో. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటారు. ఇక్కడ రోకలి నేనే ఇచ్చాను.

మూడో శనివారం నేనూ వెళ్ళాను. చెప్పులు విడిచే చోట బావగారికీ నాకూ కాస్త ఆలస్యమైంది. జనం కదిలారు. తిరిగి చూస్తే అక్కయ్య లేదు.

మేము కంగారుపడి గుడి చుట్టూ ఎదురు తిరగడం మొదలుపెట్టాం. ప్రదక్షిణకి ఎదురు తిరిగేవాళ్ళకి ఎన్ని మోచేతులు తగులుతాయో అనుభవిస్తేగాని తెలీదు. చివరికి కనబడింది. ఎవరో నడివయసు పెద్దమనిషి కండువా కొస గట్టిగా పట్టుకుని నడుస్తోంది. ఆయన ముందు, ఆవిడ వెనక. ఆయన భుజం మీద కండువా అచ్చం బావగారి కండువాలాగే ఉంది. కోనసీమలో సగం భుజాల మీద ఉన్నది అదే కండువా.

అక్కయ్య గొంతు దూరానికే వినిపిస్తోంది.

"తడి తుండుగుడ్డ మంచం మీద పడేస్తారు. ఎన్నిసార్లు చెప్పేను?"

"ఆయ్."

"మా తమ్ముడు కనబడితే చాలు, దెప్పుతారు. వాడసలే దిగులుగా ఉన్నాడు. వాణ్ణి ఏమీ అనకండి."

"ఆయ్, అననండి."

"రేపట్నుంచి పొద్దున్న కాఫీ మీరే పెట్టుకోండి. నాకు ఏ గిన్నె ఏదో తెలీట్లేదు."

"ఆయ్, అలాగేనండి."

బావగారు వెళ్ళి కండువా విడిపించారు. ఆ పెద్దమనిషిది రాజోలు వైపట. చేతులు జోడించి, "మీరేమీ అనుకోకండి. మొదట చెబుదామనుకున్నానండి. మధ్యలో వదిలేస్తే అమ్మగారు జనంలో పడిపోతారని, ఆయ్ అంటూ తిరిగేసేనండి" అన్నాడు. తన మొక్కు ఎప్పుడో అయిపోయినా మా అక్కయ్య కోసం ఇంకా తిరుగుతూనే ఉన్నాడట పాపం.

అక్కయ్యకి ఇదేమీ తెలీదు. బావగారి చెయ్యి పట్టుకుని, "ఇవాళ ఎంత మర్యాదగా మాట్లాడేరండీ!" అని మెచ్చుకుంది. "పెళ్ళయినప్పట్నుంచీ ఇలా ఉంటే ఎంత బాగుండేది."

నేను నవ్వాను. నవ్వుతూనే ఉన్నాను, కాళ్ళు కడుక్కుందామని రేవుకి వెళ్ళేదాకా. అక్కడ ఆఖరి మెట్టు అయిపోయిందనుకుని అక్కయ్య అడుగు ముందుకేసింది. ఇంకో మెట్టు ఉంది. దాని కింద గోదారి ఉంది. బావగారు రెక్క పట్టి లాగకపోతే ఏమయ్యేదో రాయడం నాకిష్టం లేదు.

తిరుగు దారిలో రావులపాలెం దగ్గర అరటిగెలల లారీలు అడ్డంపడి ఆటో చాలాసేపు ఆగిపోయింది. బావగారు ఒక్క వెటకారం కూడా ఆడలేదు. ఆయన వెటకారం మానేస్తే ఎంత భయమేస్తుందో నాకు ఆ రోజే తెలిసింది.

మర్నాడు సువార్తమ్మ టీచర్ గారు పరామర్శకి వచ్చారు. అక్కయ్య మంచం మీద కూర్చునుంది. నేను ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, ఇంకేదైనా మంచి రోజు కోసం వెతుకుతున్నాను. కుందేలుకి మూడే కాళ్ళని వాదించేవాడికైనా మనసులో నాలుగో కాలు మీద అనుమానం ఉంటుంది. నాకు అదీ లేదు.

"అయితే వరలక్ష్మీ వ్రతం నాడు పుట్టేవన్నమాట" అన్నారు టీచర్ గారు, మాట మార్చడానికి.

"ఆయ్. మా అమ్మ నిండు నెలలతో వ్రతం చేసుకుందటండి. తోరం కట్టుకుంది. సాయంత్రం పేరంటాళ్ళందరికీ వాయనాలిచ్చింది. ఆఖరి పేరంటాలు గుమ్మం దిగుతుండగా నొప్పులు మొదలయ్యేయట. చేతికి ఆ తోరంతోనే నన్ను కంది. మంత్రసాని తోరం తీసేయమంటే, తీయనందట."

నా వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి.

వ్రతం శుక్రవారం. తోరం కట్టుకున్నది శుక్రవారం. వాయనాలు శుక్రవారం సాయంత్రం. ఆ తర్వాత రాత్రి రెండున్నర. మన పెద్దవాళ్ళకి తెల్లవారేదాకా అది శుక్రవారమే. గడియారానికీ, సాఫ్ట్‌వేర్‌కీ మాత్రం అర్ధరాత్రి దాటితే శనివారం. నేను శుక్రవారం తేదీ వేసి రాత్రి రెండున్నర కొట్టాను. అంటే గురువారం రాత్రి. నా లెక్క ప్రకారం మా అమ్మ ముందు బిడ్డని కని, పొద్దున్నే లేచి పిండివంటలు చేసి, తోరం కట్టుకుని, ఊరందరికీ వాయనాలిచ్చింది. "శుక్రవారం తెల్లవారితే శనివారం" అని అచ్చువేసిన శుభలేఖలు వందల కొద్దీ చదివినవాణ్ణి. చరిత్ర లెక్చరర్ని. తేదీలు నా ఉద్యోగం.

తేదీని ఒక్కరోజు జరిపి శనివారం చేశాను. చంద్రుడు వృశ్చికం దాటి, శనిని వెనక వదిలేసి, ధనుస్సులోకి వెళ్ళాడు. గురువు చల్లగా చూస్తున్నాడు. వరస మొత్తం పచ్చబడింది.

"అక్కా! తప్పు నాదే. నీ చంద్రుడు బ్రహ్మాండంగా ఉన్నాడు. ధనుస్సులో ఉన్నాడు. రేపే వెళ్దాం!"

"ధనుస్సా?" అంది అక్కయ్య. "నాది వృశ్చికం కదరా."

ఇదిగో, ఇందాకటి సంబరం సంగతి. గ్రీకుల పద్ధతికీ మన పంచాంగానికీ రాశులు మొదలయ్యే చోటు వేరు. దాదాపు ఒక రాశి తేడా. మన వృశ్చికం చాలావరకు వాళ్ళ ధనుస్సు. కాబట్టి రెండూ ఒకే రాశి చూపించిన మొదటి రోజునే నేను అనుమానపడాల్సింది. నేను ఆనందపడ్డాను. ఇప్పుడు సరైన లెక్క వచ్చాక అక్కయ్య అనుమానపడింది.

"తేడా ఉంటుందక్కా. వాళ్ళు ఋతువుల్ని బట్టి లెక్కిస్తారు, మనం నక్షత్రాల్ని బట్టి."

"డెబ్బై ఏళ్ళుగా వృశ్చికమని అర్చన చేయించుకుంటున్నాను. ఇప్పుడు రాశి మార్చడానికి నువ్వెవరివిరా? నీ మిషను మొదట్లో సరిగ్గా చెప్పింది. ఇప్పుడే చెడిపోయింది."

సువార్తమ్మ టీచర్ గారు తల పట్టుకున్నారు. బావగారు లేచి నన్ను వీధరుగు మీదకి తీసుకెళ్ళారు.

"నాకు నీ శాస్త్రం తెలీదు. ఒక్కటి చెప్పు. ఆపరేషన్ వద్దన్నది శనా, నువ్వా?"

దీని జవాబుకి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. లోపలికెళ్ళి అక్కయ్య పక్కన కూర్చున్నాను.

"శని కాదక్కా. నాకే భయమేసింది. శారదని కూడా చిన్న ఆపరేషనే అన్నారు."

"ఆ సంగతి నాకు మొదటి రోజే తెలుసు" అంది అక్కయ్య. "నువ్వు వణుకుతుంటే నేను వెళ్ళి బల్లెక్కడం ఎందుకని ఆగేను. నీ మనసు కుదుటపడ్డాక చేయించుకుందామని."

"మరి గ్రీకువాళ్ళు చెప్పారనీ..."

"వాళ్ళెవర్రా నాకు చెప్పడానికి?"

నేను ఆమెని కాపాడుతున్నాననుకుంటే, ఆమె నన్ను కాపాడుతోంది. ఇద్దరం కలిసి ఎడమ కంటిని గోదాట్లో కలిపేవాళ్ళం.

రాజమండ్రి వెళ్ళాం. శుక్లం బాగా ముదిరిపోయిందనీ, ఇంత ఆలస్యం ఎందుకు చేశారనీ డాక్టరు గారు చీవాట్లు పెట్టారు. బావగారు నా వైపు చూపించి, "ఈయన్నడగండి. ఈయన చదువుకున్నారు" అన్నారు. ఆపరేషన్ కొంచెం కష్టమైంది గానీ, చూపు వచ్చింది. బయట బెంచీ మీద కూర్చున్నంతసేపూ నేను ఏమీ లెక్కపెట్టలేదు.

కట్టు విప్పి ఇంటికి తెచ్చాక, డాక్టరు గారు చదువుకోవచ్చన్న రోజున, అక్కయ్య నన్ను పిలిచింది. బావగారూ, సువార్తమ్మ టీచర్ గారూ అక్కడే ఉన్నారు.

"ఇలా తేరా. ఇన్నాళ్ళు నా కన్ను ఆపిన బొమ్మేదో నేనూ చూస్తాను."

లాప్‌టాప్ ఒళ్ళో పెట్టాను. అక్కయ్య స్కూలు చదువుతో ఆగిపోయింది. ఇంగ్లీషు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. పైన పేరు చదివింది. ఊరు చదివింది. దాని పక్కన చిన్న అక్షరాల దగ్గర ఆగింది.

"ఎం... ఏ... ఎల్... ఈ. మేల్." తలెత్తింది. "ఒరేయ్, మేల్ అంటే మగాడే కదూ?"

నేను వంగి చూశాను. ఆ గడి నేనసలు ముట్టుకోలేదు. సాఫ్ట్‌వేర్ దానంతటది మగవాడని వేసేసుకుంది. గడి మార్చాను. ఎడమ కన్ను అన్న మాట చంద్రుడి వరసలోంచి లేచి సూర్యుడి వరసలోకి వెళ్ళిపోయింది. గ్రీకుల లెక్కలో చంద్రుడిది ఎడమ కన్ను, మగవాళ్ళకి. ఆడవాళ్ళకి ఎడమ కన్ను సూర్యుడిది.

"మరి నా సూర్యుడు ఎలా ఉన్నాడు?"

"సింహంలో ఉన్నాడు. సొంత ఇల్లు. పక్కన గురువు." పాత తేదీ కూడా వేసి చూశాను. "రెండు తేదీల్లోనూ అలాగే ఉన్నాడక్కా."

బావగారు చాలా రోజుల తర్వాత గొంతు సవరించుకున్నారు. "అంటే ఏంటి లెక్చరర్ గారూ? తేదీ తప్పు. మనిషి తప్పు. ఆఖరికి గ్రహం కూడా తప్పు. కొత్తపేట అయినా కరెక్టేనా, అదీ ఇంకెక్కడిదైనా వేసేరా?"

సువార్తమ్మ టీచర్ గారు పైకి చూసి అన్నారు: "ప్రభువా! పిల్లల పరీక్ష పేపర్లు ఇన్నేళ్ళూ ఈయనేనా దిద్దింది!"

కనుక పాఠకులారా, వాడపల్లి వెంకన్న సాక్షిగా, టీచర్ గారు పట్టుబట్టారు గనక యేసు ప్రభువు సాక్షిగా, ఎవరి జోలికీ రాకుండా పడుకున్న గ్రీకు పెద్దలందరి సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. సూర్యచంద్రులు ఉన్నంతవరకు వాళ్ళ ఆరోగ్యం గురించి నేను విచారించను. శని ఎవరింట్లో ఉన్నా తలుపు కొట్టను. రాత్రి పుట్టినవాళ్ళనీ పగలు పుట్టినవాళ్ళనీ సమానంగా చూస్తాను.

సాఫ్ట్‌వేర్ తీసేశాను. ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తే మా ఇంట్లో ఇప్పుడెవరూ గ్రహాలు చూడరు.